పికింగ్ వేగం 110 దగ్గర ఆగిపోతే: కదలిక సరిచేసుకుని 150 దాటడం ఎలా

గిటారు పికింగ్‌లో, అంటే పిక్ అనే చిన్న బిళ్లతో తీగలు మీటడంలో, వేగం రావడం లేదనేవాళ్లలో చాలామంది, బీట్‌కి నాలుగు నోట్ల లెక్కన, మెట్రోనోమ్ (నిమిషానికి ఇన్ని బీట్లని టిక్కుమంటూ లెక్క చెప్పే పరికరం) 100కీ 120కీ మధ్య ఎక్కడో ఇరుక్కుని ఉంటారు. రోజూ రెండేసి అంకెలు పెంచుకుంటూ 116 దాకా లాక్కొస్తారు. మర్నాడు మళ్లీ 108. "నెమ్మదిగా సాధన చెయ్, వేగం దానంతటదే వస్తుంది" అని అందరూ చెబుతారు కానీ ఆ మాట సగమే నిజం. నెమ్మదిగా వాయించేటప్పుడు చెయ్యి ఎలా కదిలినా నోటు శుభ్రంగానే పలుకుతుంది. తప్పు కదలిక కూడా 80 దగ్గర ఒప్పులాగే వినిపిస్తుంది. ఆ కదలికనే నెలల తరబడి గట్టిపరుచుకుని, వేగం పెంచబోయేసరికి అది కుదరదని తెలుస్తుంది.

అందుకని ఇక్కడ వరస తిరగేశాం. వేగంగా కదలగలిగే కదలిక ఏదో ముందు పట్టుకోవాలి, ఆ తర్వాతే దాన్ని అదుపులోకి తెచ్చుకోవాలి.

లెక్క ఒకటి గుర్తుంచుకోండి. బీట్‌కి నాలుగు నోట్లయితే 120 అంటే సెకనుకి 8 నోట్లు, 150 అంటే 10, 180 అంటే 12. సెకనుకి పది నోట్లు శుభ్రంగా పలికితే చాలా సోలోలకి అది సరిపోతుంది. 200 కోసం తాపత్రయపడే ముందు 150ని నమ్మకంగా వాయించగలగాలి.

ముందు గిటారూ పిక్కూ చూసుకోండి

12వ ఫ్రెట్ దగ్గర ఫ్రెట్ పైభాగం నుంచి స్ట్రింగ్ అడుగు దాకా స్టీలు స్కేలుతో కొలవండి. ఎలక్ట్రిక్ మీద ఆరో స్ట్రింగ్ (అన్నిటికన్నా లావుది) 2 మి.మీ., ఒకటో స్ట్రింగ్ (అన్నిటికన్నా సన్నది) 1.5 మి.మీ. దరిదాపుల్లో ఉంటే బాగున్నట్టే. అకూస్టిక్ మీద 2.5, 2 ఉంటే హాయిగా ఉంటుంది. తక్కువ ధర అకూస్టిక్‌లు దుకాణం నుంచి వచ్చేటప్పుడే 3.5 మి.మీ. దాటి ఉండటం మామూలే. అలాంటిదాని మీద ఎడమచేతి వేళ్లు ఆలస్యమవుతాయి, మనం తప్పు కుడిచేతిదనుకుంటాం. నెక్ వంపు సరిగ్గా ఉందో లేదో ముందు చూపించి, ఆ తర్వాత శాడిల్ (బ్రిడ్జ్ మీద స్ట్రింగ్స్ ఆనే సన్నపట్టీ) అడుగు అరగదీయించండి. 12వ ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ ఒక మిల్లీమీటరు తగ్గాలి.

స్ట్రింగ్స్ ఎలక్ట్రిక్‌కి 0.009 లేదా 0.010 సెట్, అకూస్టిక్‌కి 0.011 లేదా 0.012 (ఒకటో స్ట్రింగ్ మందం, అంగుళాల్లో). విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో సన్న స్ట్రింగ్స్ తొందరగా తుప్పు పడతాయి. తుప్పు గరుకుకి పిక్ చిక్కుకుంటుంది. వాయించాక పొడిగుడ్డతో ఒకసారి తుడవడం వల్ల ఎంత తేడా వస్తుందో తుడిచేవాళ్లకే తెలుసు.

పిక్ మందం మీద రాజీ వద్దు. స్ట్రమ్మింగ్‌కి వాడే 0.46, 0.60 పిక్‌లు స్ట్రింగ్‌ని తాకగానే వంగుతాయి, మళ్లీ నిటారుగా అయ్యాకే నోటు పలుకుతుంది. వేగంలో ఆ ఆలస్యం ప్రతి నోటుకీ తగులుతుంది. 0.88 నుంచి 1.5 మి.మీ. మధ్యలో ఏదైనా పనికొస్తుంది. డన్‌లాప్ టార్టెక్స్‌లో ఆకుపచ్చది 0.88, జాజ్ త్రీ 1.38. జాజ్ త్రీ చిన్నది, మొన సూదిగా ఉంటుంది. దానికి అలవాటుపడటానికి ఓ వారం పట్టవచ్చు. రెండు మూడు మందాలు ఒకేసారి కొనుక్కుని మార్చి మార్చి చూడండి, అదేమంత ఖర్చు కాదు.

పట్టు, కోణం, చెయ్యి ఆనే చోటు

చూపుడువేలు మడిచి, దాని పక్కభాగం మీద పిక్ పెట్టి, పైనుంచి బొటనవేలు ఆనించండి. మొన 4–5 మి.మీ. బయటికి కనిపిస్తే చాలు. అందులోనూ స్ట్రింగ్ కిందికి దిగాల్సింది ఒకటి రెండు మిల్లీమీటర్లే. లోతుగా దిగితే ప్రతి స్ట్రోక్‌కీ స్ట్రింగ్ పిక్‌ని మెలితిప్పుతుంది. పిక్ వేళ్లలో తిరిగిపోతోందనే ఫిర్యాదుకి కారణం చాలాసార్లు ఈ లోతే, పట్టు వదులు కావడం కాదు. రెండో చేత్తో పిక్‌ని లాగి చూడండి. కొంచెం ఆపి, ఆ తర్వాత జారి వచ్చేస్తే పట్టు సరిగ్గా ఉంది. లాగినా రాకపోతే బిగించి పట్టుకున్నారు, ఆ బిగువు మణికట్టుదాకా పాకుతుంది. ఎండాకాలం చెమటకి జారుతుంటే గరుకు గింజలున్న పిక్ తీసుకోండి, అంతేగానీ బిగించకండి.

పిక్ చదునుగా స్ట్రింగ్‌కి సమాంతరంగా తగిలితే రెండూ అడ్డంగా గుద్దుకుంటాయి. నెక్ వైపు ఉన్న అంచుని నేలవైపు 20–30 డిగ్రీలు తిప్పితే పిక్ స్ట్రింగ్ మీదుగా జారిపోతుంది. 45 దాటితే చుట్టతీగలున్న నాలుగు, ఐదు, ఆరు స్ట్రింగ్స్ మీద బరబరమని గీరుడు చప్పుడు మొదలవుతుంది, కాబట్టి అక్కడే ఆగండి.

అరచేతి మడమ బ్రిడ్జ్ మీద, లావు స్ట్రింగ్స్ వైపు, తేలిగ్గా ఆనాలి. చిటికెనవేలు గిటారు మీద ఆనించడం తప్పేమీ కాదు. అది గుచ్చి పట్టుకుంటేనే ఇబ్బంది, ఒకటో స్ట్రింగ్ నుంచి ఆరో స్ట్రింగ్‌కి వెళ్లేసరికి చెయ్యి కోణం మారిపోతుంది.

అసలు రోగం: గెంతే స్ట్రోక్

ఎక్కువమందిని 120 దగ్గర ఆపేది ఇదే. దీన్ని ఇంగ్లిష్‌లో స్ట్రింగ్ హాపింగ్ అంటారు. డౌన్‌స్ట్రోక్ (నేలవైపు మీటడం) వేశాక పిక్ స్ట్రింగ్స్ పైకి లేస్తుంది, మళ్లీ దిగి అప్‌స్ట్రోక్ (పైవైపు మీటడం) వేశాక ఇంకోసారి పైకి లేస్తుంది. రోకటిపోటులా ప్రతి దెబ్బకీ ఒకసారి ఎగరడమన్నమాట. అటూ ఇటూ వెళ్లే పని మణికట్టుకి ఎలాగూ ఉంది. దానికి తోడు ఒక్కో స్ట్రోక్‌కి ఒకసారి లేచి దిగే పని పడింది. ఈ లేచే కండరాలు పక్కకి కదిపే కండరాలకన్నా రెట్టింపు వేగంతో బిగుసుకుని వదలాలి. 80 దగ్గర ఇది తెలియదు. 120 దగ్గర ఇరవై ముప్ఫై సెకన్లకే ముంజేయి పైభాగం మండుతుంది. చేతిలో బలం చాలడం లేదనుకుని ఇంకా సాధన చేస్తారు. బలంతో దీనికి సంబంధం లేదు.

మీకు ఈ అలవాటు ఉందో లేదో ఫోన్ చెబుతుంది. స్లో మోషన్ 120 లేదా 240 ఫ్రేముల్లో పెట్టి, ఫోన్‌ని బ్రిడ్జ్ వెనకనుంచి నెక్ వైపు చూసేలా, స్ట్రింగ్స్ మట్టానికి కాస్త పైన నిలబెట్టండి. మెట్రోనోమ్ 110 పెట్టి మూడో స్ట్రింగ్ ఒక్కదాని మీద పది సెకన్లు వాయించండి. వీడియోలో ఒక్కటే చూడాలి. డౌన్‌స్ట్రోక్ చివర పిక్ మొన ఎక్కడుంది, అప్‌స్ట్రోక్ చివర ఎక్కడుంది? రెండుసార్లూ స్ట్రింగ్స్ పైన గాలిలో ఉంటే గెంతుతున్నట్టే. ఒకవైపు గాలిలోనూ, రెండోవైపు రెండు స్ట్రింగ్స్ నడుమ లోపలా ఉంటే మీ కదలిక బాగుంది, ఈ కింది దశ త్వరగా దాటేయవచ్చు.

సరిచేసుకోవడానికి నెమ్మదిగా వాయించడం పనికిరాదు, నెమ్మదిలో ఎవరైనా గెంతగలరు. ఎడమచేతిని స్ట్రింగ్స్ మీద తేలిగ్గా పడుకోబెట్టి మ్యూట్ చేయండి. మెట్రోనోమ్ ఆపేయండి. మూడో స్ట్రింగ్ మీద మూడు నాలుగు సెకన్లపాటు వీలైనంత వేగంగా, శుభ్రత గురించి పట్టించుకోకుండా ట్రెమొలో వేయండి, అంటే ఆ ఒక్క స్ట్రింగ్‌నే ఆగకుండా అటూ ఇటూ మీటండి. పది సెకన్లు విశ్రాంతి, మళ్లీ వేయండి. ఈసారి మణికట్టుని మాత్రమే అటూ ఇటూ ఊపండి. తర్వాత మణికట్టు వదిలేసి ముంజేతిని ఇరుసు మీద తిప్పినట్టు తిప్పి చూడండి. ఆ తర్వాత రెండూ కలిపి. మోచేతితో కొట్టేవాళ్లూ ఉన్నారు, వేగం వస్తుంది కానీ భుజం బిగుసుకుంటే ఎక్కువసేపు నిలవదు. వీటిలో ఏది మీ చేతికి తక్కువ శ్రమతో ఎక్కువ వేగం ఇస్తుందో అదే మీ కదలిక. ఇంకొకరి కదలిక అరువు తెచ్చుకోనక్కర్లేదు.

ఆ ట్రెమొలోని ఇప్పుడు కొలవండి. మెట్రోనోమ్ 140, 150, 160 పెట్టి, దేనితో కలుస్తుందో చూడండి. ఒక్క స్ట్రింగ్ మీద 150 తేలిగ్గా వెళ్లి, పాటలోని సోలో మాత్రం 110 దగ్గర చెదురుతుంటే మీ కుడిచేతికి వేగం ఇప్పటికే ఉంది. లోపం స్ట్రింగ్ మారడంలోనో, రెండు చేతుల పొత్తు కుదరడంలోనో ఉంది. ట్రెమొలోనే 130 దాటకపోతే, పిక్ పక్కనబెట్టి అదే మణికట్టుతో బల్ల మీద తట్టి చూడండి. బల్ల మీద 160 వెళ్లి గిటారు మీద వెళ్లడం లేదంటే పట్టులోనో, లోతులోనో, గెంతులోనో చూసుకోవాలి.

తకధిమితో చిన్న పరుగులు

వేగం దొరికింది, ఇక అదుపు కావాలి. ఇక్కడ మన సంగీతంలోని రెండు పద్ధతులు నేరుగా పనికొస్తాయి.

మొదటిది జతులు. మెట్రోనోమ్ 140 పెట్టండి. ఒకటో బీట్ ఖాళీ. రెండో బీట్ మీద నోటితో "తకధిమి" అంటూ నాలుగు నోట్లు, మూడో బీట్ మీద "తాం" అంటూ ఒక్క నోటు వేసి ఆగిపోండి. నాలుగో బీట్ ఖాళీ. మొత్తం ఐదు నోట్లే. "త" మీద కొంచెం బరువు వేయండి. చెయ్యి నాలుగు నోట్లని విడివిడిగా లెక్కపెట్టలేదు, ఒక ముద్దగానే గుర్తుపెట్టుకుంటుంది. ఆ ముద్ద సరిగ్గా బీట్ మీద దిగితే లోపలి నోట్లు వాటంతటవే సర్దుకుంటాయి. పదిసార్లలో ఎనిమిదిసార్లు "తాం" బీట్‌తో కలిస్తే రెండు తకధిములు కలిపి ఎనిమిది నోట్లు, ఆపైన తాం. ఆ తర్వాత పదహారు. ఆగకుండా నిమిషంపాటు వాయించడం చాలా తర్వాతి సంగతి.

తకధిమిలో బరువు ఎప్పుడూ డౌన్‌స్ట్రోక్ మీదే పడుతుంది. కనక మధ్యలో "తకిట" కూడా వేయండి, మూడు నోట్లు కావడంతో బరువు ఒకసారి డౌన్ మీద, తర్వాతిసారి అప్ మీద పడుతుంది. చాలామందికి అప్‌స్ట్రోక్ బలహీనమని బయటపడేది ఇక్కడే.

రెండోది కాలాలు. సరళీ స్వరాలు నేర్పేటప్పుడు తాళం కదపకుండా ఒకటో కాలం, రెండో కాలం, మూడో కాలం అంటూ నోట్లు రెట్టింపు చేస్తారు. మెట్రోనోమ్ 140లోనే ఉంచి బీట్‌కి ఒకటి, తర్వాత రెండు, తర్వాత నాలుగు వాయించండి. రెండేసి అంకెలు పెంచుకుంటూ వెళ్తే పాత కదలికే కొంచెం కొంచెం సాగుతుంది. రెట్టింపు చేస్తే చెయ్యి వేగపు కదలికలోకి ఒక్కసారిగా మారక తప్పదు. మాకు ఇదే ఎక్కువ ఫలితమిచ్చే పద్ధతిగా కనిపిస్తుంది.

రెండు చేతులూ ఒకేచోట కలవడం

మూడో స్ట్రింగ్ మీద 5, 7, 8, 7 ఫ్రెట్లు. చూపుడు, ఉంగరం, చిటికెన, ఉంగరం. డౌన్, అప్, డౌన్, అప్. తకధిమి "త" ఎప్పుడూ 5 మీద పడాలి. వేలు ఫ్రెట్ మీద నొక్కుకున్న తర్వాతే పిక్ తగలాలి, ఆ తేడా కంటికి కనిపించనంత చిన్నది. వేగంలో చెడేది ఇదే, వింటే తప్ప తెలియదు.

ఫోన్‌లో రికార్డ్ చేసి సగం వేగంతో వినండి. నోటు ముందు "టక్" అని చచ్చుచప్పుడు వస్తే ఎడమచెయ్యి ఆలస్యం. నోటు మధ్యలోనే తెగి, వెనకనుంచి వేరే స్వరం మోగితే వేలు ముందే లేచిపోయింది. అలాంటప్పుడు కుడిచేతిని ఆపి, ఎడమచేత్తో హ్యామర్-ఆన్ (వేలితో స్ట్రింగ్‌ని ఫ్రెట్ మీద కొట్టి పలికించడం), పుల్-ఆఫ్ (వేలు లాగుతూ పలికించడం)లతో అదే వరసని అదే వేగంలో వాయించి చూడండి. పిక్ లేకుండా కూడా ఎగుడుదిగుడుగా ఉంటే వేగానికి అడ్డుపడేది ఎడమచెయ్యే. వేళ్లు ఫ్రెట్‌బోర్డ్‌కి సెంటీమీటరు లోపే ఉంచుతూ 90 దగ్గర సరిచేసుకోండి.

ఈ పని ఏ ఎఫెక్టూ లేని క్లీన్ టోన్‌లో చేయండి. డిస్టార్షన్ (ఎలక్ట్రిక్ గిటారు శబ్దాన్ని గరుకుగా మార్చే ఎఫెక్ట్) చిన్న పెద్ద నోట్లని ఒకే ఎత్తుకి తెచ్చి తప్పుల్ని కప్పేస్తుంది. వారంలో ఒకసారి మాత్రం డిస్టార్షన్ పెట్టి వినాలి, అక్కడ మ్యూట్ కాని స్ట్రింగ్స్ గోల బయటపడుతుంది.

స్ట్రింగ్ మారడం

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవాలి. సరైన కదలికలో పిక్ ఒకవైపు గాలిలోకి తేలుతుందని, రెండోవైపు స్ట్రింగ్స్ నడుమ ఉండిపోతుందని చూశాం కదా. ఆ తేలడాన్ని ఎస్కేప్ అంటారు. అమెరికన్ గిటారిస్టు ట్రాయ్ గ్రేడీ వివరణలతో ఈ మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. పిక్ గాలిలో ఉన్నప్పుడే పక్క స్ట్రింగ్ మీదికి అడ్డం లేకుండా వెళ్లగలం. నడుమ చిక్కుకుని ఉన్నప్పుడు మారబోతే దారిలో ఉన్న స్ట్రింగ్ తగులుతుంది.

మీది ఏ రకమో ఇందాకటి వీడియోలోనే ఉంది. అప్‌స్ట్రోక్ తర్వాత తేలేది ఒక రకం, రాక్ గిటారిస్టు ఇంగ్వీ మాల్మ్‌స్టీన్ చేతిలో కనిపించేది అదే. డౌన్‌స్ట్రోక్ తర్వాత తేలేది రెండో రకం. గిటారిస్టు ఆల్ డి మియోలాదీ, మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌తో కలిసి రిమెంబర్ శక్తి బృందంలో వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్‌దీ ఈ రకం. రెండిట్లో ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అనేది లేదు. మీ చేతికి ఏది వచ్చిందో దానికి తగ్గట్టు నోట్లు అమర్చుకోవాలి, అంతే.

అప్‌స్ట్రోక్ ఎస్కేప్ అయితే ప్రతి స్ట్రింగ్ మీదా చివరి స్ట్రోక్ అప్ కావాలి. డౌన్‌తో మొదలుపెట్టి ఒక్కో స్ట్రింగ్‌కి రెండో నాలుగో నోట్లు వాయిస్తే అలాగే వస్తుంది. ఏ మైనర్ పెంటటోనిక్ (ఐదు స్వరాల స్కేలు) తీసుకోండి: ఆరో స్ట్రింగ్ 5, 8, ఐదో స్ట్రింగ్ 5, 7, నాలుగు 5, 7, మూడు 5, 7, రెండు 5, 8, ఒకటి 5, 8. ప్రతి స్ట్రింగ్ మీదా డౌన్, అప్. ఎక్కినా దిగినా అదే. డౌన్‌స్ట్రోక్ ఎస్కేప్ ఉన్నవాళ్లు ఇదే స్కేలుని అప్‌తో మొదలుపెట్టాలి: అప్, డౌన్, అప్, డౌన్. ఎప్పుడూ డౌన్‌తోనే మొదలుపెట్టాలని నేర్పడం వల్ల ఈ రకంవాళ్లు ఏళ్ల తరబడి అనవసరంగా కుస్తీపడుతుంటారు.

చిక్కంతా స్ట్రింగ్‌కి మూడు నోట్ల స్కేళ్లతోనే. మొదటి స్ట్రింగ్ డౌన్ మీద ముగిస్తే తర్వాతిది అప్ మీద ముగుస్తుంది, ఒక్క ఎస్కేప్ సరిపోదు. దారులు మూడున్నాయి. ఒకటి, నోట్లలో ఒకదాన్ని హ్యామర్-ఆన్ లేదా పుల్-ఆఫ్ చేసి స్ట్రోక్‌ల లెక్క సరిచేయడం. చెవికి తేడా దాదాపు తెలియదు, అదేదో దొంగదారి అనుకోనక్కర్లేదు. రెండు, ఎకానమీ పికింగ్. అప్‌స్ట్రోక్ ఎస్కేప్‌వాళ్లకి డౌన్ తర్వాత పిక్ కింద స్ట్రింగ్ వైపే చిక్కుకుని ఉంటుంది కనక సన్న స్ట్రింగ్స్ వైపు ఎక్కేటప్పుడు డౌన్, అప్, డౌన్ వేసి ఆ డౌన్‌నే పక్క స్ట్రింగ్‌కి తోసేయవచ్చు. డౌన్‌స్ట్రోక్ ఎస్కేప్‌వాళ్లకి ఇది తిరగబడుతుంది, లావు స్ట్రింగ్స్ వైపు వచ్చేటప్పుడు అప్, డౌన్, అప్ వేసి అప్‌ని తోయాలి. మూడోది గెంతకుండానే రెండువైపులా తేలే కదలిక నేర్చుకోవడం. అది మొదటి రెండూ కుదిరాక చూసుకోవచ్చు.

సాధన మాత్రం రెండు స్ట్రింగ్స్‌తోనే మొదలుపెట్టండి. రెండో స్ట్రింగ్ 5, 6, 8, 6, ఆ వెంటనే ఒకటో స్ట్రింగ్ 5, 7, 8, 7, మళ్లీ మొదటికి. స్ట్రింగ్ మారే చోట "త" పడుతుంది, కాబట్టి బరువే దారి చూపిస్తుంది. ఆరు స్ట్రింగ్స్ ఒకేసారి మొదలుపెడితే ఏ మార్పు దగ్గర చెడిందో దొరకదు. స్ట్రింగ్‌కి ఒక్క నోటు చొప్పున దూకే వరసలు అన్నిటికన్నా కష్టం, వాటిని చివరికి ఉంచండి.

రోజుకి ఇరవై నిమిషాలు

మూడు నిమిషాలు ట్రెమొలో, మధ్యమధ్య విశ్రాంతితో. ఏడు నిమిషాలు తకధిమి పరుగులు. అయిదు నిమిషాలు 5-7-8-7, అయిదు నిమిషాలు రెండు స్ట్రింగ్స్ మార్పు. పరుగుల్లో చివరి రెండు నిమిషాలు మీ హాయివేగానికి పది శాతం పైన, అంటే 140 అయితే 154 దగ్గర, తప్పులొచ్చినా వాయించి మళ్లీ 140కి రండి. 140 నెమ్మదిగా అనిపిస్తుంది. వారానికొకసారి వీడియో తీసి పాతదాని పక్కన పెట్టి చూడండి. అంకె పెరగని వారాల్లో కూడా కదలిక చిన్నదవడం కనిపిస్తుంది.

ముంజేయి మండటం మొదలైతే ఆ రోజుకి ఎంత వేగం పెట్టినా గెంతుడే అలవాటవుతుంది, ఆపేయండి. మణికట్టు నొప్పి, వేళ్ల తిమ్మిరి అయితే సాధన మాని డాక్టరుకి చూపించుకోవాలి. ఓర్చుకుని వాయించడం వల్ల వచ్చేది వేగం కాదు.

కూర్చుని నేర్చుకున్నది నిలబడితే ఎగిరిపోతోందనేవాళ్లు స్ట్రాప్ చూసుకోండి. గిటారు తొడ మీదనుంచి అరడుగు కిందికి దిగితే మణికట్టు వంపు మారుతుంది, దాంతో ఎస్కేప్ కోణమూ మారుతుంది. కూర్చున్నప్పుడు స్ట్రాప్ వేసుకుని అది బిగువుగా ఉండేలా పొడవు సర్దండి, లేచి నిలబడ్డా బ్రిడ్జ్ అదే ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తు నచ్చక కిందికి దించాలనుకుంటే, దించాక నిలబడి ఆ స్లో మోషన్ వీడియో మళ్లీ తీయండి.